కెమెరా తెరకు మ్యాట్ గార్డు

మా ఇంట్లో టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు ఉంటుంది. బండి సీటుకు దుకాణంవాళ్లు వేసిచ్చిన కవరు చిరిగి పీలికలయ్యేదాకా ఉంటుంది. సోఫా మీద దుప్పటి, ఆ దుప్పటి మీద ఇంకో దుప్పటి. వస్తువును వాడుకోవడం కన్నా కాపాడుకోవడమే గొప్పనుకునే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ని, సెకండ్‌హ్యాండ్‌లో మంచి డిజిటల్ కెమెరా దొరికాక ఊరికే ఉంటానా?

పైగా తాండూరులో ఫొటోలు తీసి బతికేవాణ్ని. ఇక్కడ బండల పాలిష్ యూనిట్ల దుమ్ము అన్నం కంచాన్ని కూడా వదలదు. పాత కెమెరా తెర గీతలు పడి ఎందుకూ పనికిరాకుండా పోయింది. కొత్తదానికి కన్ను ఆనించి చూసే కిటికీ కూడా లేదు, చూసేదంతా వెనక తెరమీదే. తెరమీద వేలితో ఎక్కడ తాకితే అక్కడికి ఒక చిన్న గడి జరుగుతుంది, ఆ చోటే స్పష్టంగా పడుతుంది. ఆ తెర పోతే నా బతుకుదెరువు పోయినట్టే.

పనిమీద వికారాబాద్ పోయినప్పుడు బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ సామాన్ల దుకాణంలో అడిగాను. దుకాణం ఆయన కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని కొలతది లేదన్నా. హైదరాబాద్‌కెల్లి తెప్పియ్యాలె, నాలుగు దినాలైతది. అర్జంటంటె ఫోన్‌ది కోసి ఏస్త," అన్నాడు.

నాలుగు రోజులు ఆగే ఓపిక నాకెక్కడిది? ఆయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి పలచని పొర, నిగనిగలాడుతోంది. ఇంకొకటి మెరుపు లేని మ్యాట్ గ్లాసు, కత్తెరకు తెగే రకమే గాని మందంగా, ముట్టుకుంటే గరుకుగా ఉంది.

"పలచటి దానికి టచ్ మంచిగ పనిచేస్తది. మ్యాట్‌దైతె ఎండల మెరవది, వేలిముద్రలు పడవు. గాని టచ్ జర మొద్దుగుంటది. నీ ఇష్టం."

ఆయన ఉన్నమాటే చెప్పాడు. నేనే మందంగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. మందంగా ఉంటే గట్టిగా కాపాడుతుందని నా తెలివి. ఒక్క బుడగ లేకుండా అతికించి ఇచ్చాడు. తిరుగు రైల్లో దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ మురిసిపోయాను. తెరమీద అన్నీ కాస్త మసకగా కనిపించాయి. రెండు రోజుల్లో కళ్లు ఆ మసకకు అలవాటుపడ్డాయి, అదే మామూలనిపించింది.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. చేసినతను బషీరాబాద్ వైపు ఒక ఊళ్లో ఉంటాడు. కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబం, అతని పెళ్లి ఫొటోలు తీసింది నేనే. తల్లీ చెల్లెలూ ఎక్కిన షేర్ ఆటో బోల్తా పడింది. చెల్లెలు అక్కడికక్కడే పోయింది. పెళ్లి కూడా కాలేదు ఆ పిల్లకు. తల్లి నడుము విరిగి వికారాబాద్‌లో ఒక ఆస్పత్రిలో ఉంది.

వాళ్లలో శవపెట్టె మూసేముందు ఫొటో తీయించడం ఉంది. ఇంటివాళ్లంతా పెట్టె చుట్టూ నిలబడతారు, ఏడుపు ఆపుకుని నేను చెప్పిన వైపు చూస్తారు. తరువాత ముఖం ఒక్కటే ఇంకో ఫొటో. అలాంటివి ఎన్నో తీశాను. అదీ అలాంటిదే అనుకుని పోయాను.

వాకిట్లో అడుగుపెట్టగానే ఆ పిల్ల అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మ నమ్ముతలేదన్నా. మొకం చూస్తెనే నమ్ముత అంటున్నది. ఆమెను ఈడికి తెచ్చేటట్టు లేదు, ఈ ఎండలకు ఇంక ఆపేటట్టు లేదు. నువ్వు తీసిందే ఆమె చూసేది. జర మంచిగ తియ్యి."

తరువాత వచ్చినవాళ్ల వైపు తిరిగి, "ఎవ్వరు సెల్లుల తియ్యొద్దు. స్టేటస్‌ల పెడ్తరు, ఆడ మా అమ్మ ఎవరి ఫోన్‌లనో చూసి ఆగమైతది," అన్నాడు. అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. ఆ పిల్లను చూసే కన్ను ఇక నా కెమెరా ఒక్కటే.

పోయిన క్రిస్మస్‌కు కొన్న చీర కట్టించారు. ఛాతీ మీద బంతిపూలతో కట్టిన శిలువ పెట్టారు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరి ఫొటో అయ్యాక వంగి, తెరమీద ఆ పిల్ల ముఖం దగ్గర వేలితో తాకి, నొక్కాను. మళ్లీ తాకాను, మళ్లీ నొక్కాను. నాలుగు తీశాను. తెరమీద ఎప్పటిలాగే ఉన్నాయి. పెద్దది చేసి చూసుకోవాల్సింది. "అయిందా?" అని ఎవరో అడిగితే అయిందన్నాను. మూత వేసి మేకులు కొట్టారు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచాను. బంతిపూలు రేకు రేకుగా లెక్కపెట్టుకునేలా పడ్డాయి. వాటి వెనక ముఖం లేదు. కళ్లు, ముక్కు, నోరు అన్నీ కలిసిపోయిన ఒక తెల్లటి మరక. ఆ మందపు గ్లాసు మీద నా వేలు తాకిన సంగతి కెమెరాకు తెలియనే లేదు. గడి పూల మీదే ఉండిపోయింది, మసకకు అలవాటుపడ్డ నా కళ్లు అది పట్టుకోలేదు. నాలుగూ అంతే. అందరి ఫొటోలోనూ ఆ ముఖం పెట్టె అంచు చాటునే పడింది. స్పష్టం చేయాలని కంప్యూటర్‌లో ఏమేమో చేసి చూశాను. చర్మం మీద గీతలు వచ్చాయి గాని ముఖం రాలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక, మర్నాడు అతనితో కలిసి వికారాబాద్ రైలెక్కాక చెప్పాను. ప్రింటు చేతికిచ్చాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడేవాణ్ని. అతను దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"చీరనన్న గుర్తుపడ్తదేమో," అన్నాడు.

తల్లి వెల్లకిలా పడుకుని ఉంది. మూడు రోజులుగా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని పక్క మంచం ఆమె చెప్పింది. కొడుకు ఫొటోను ఆమె కళ్ల ముందు పట్టుకున్నాడు. ఆమె చూసింది. దగ్గరికి తెమ్మంది, మళ్లీ చూసింది. నేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"గీమె ఎవరు?" అంది.

"చెల్లెనే అమ్మా. చీర చూడు, నువ్వు కొన్నదే గద."

"గసొంటి చీరలు దుకాణంల మస్తుంటయి. మొకమేది? నా బిడ్డ మొకం నాకు తెల్వదా? గీమె నా బిడ్డ కాదు రా."

కొడుకు ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. మూడు రోజుల నుంచి గట్టిగా బిగబట్టిన ముఖం ఒక్కసారిగా వదులైంది. ఎవరి పిల్లో పాపం అని ఫొటో పక్కన పెట్టించి, ఆకలైతుందంది. పక్క మంచం ఆమె ఇంత అన్నం కలిపి నోటికందిస్తే నాలుగు ముద్దలు తింది. నేను చూస్తూనే ఉన్నాను. నా తల పగలగొట్టుకోవాలనిపించింది.

తిన్నాక మూతి తుడుచుకుని, "ఫికర్ చేస్తుంటది. చెల్లెకు ఫోన్ చెయ్యి, అమ్మ మంచిగనే ఉన్నదని చెప్పు," అంది.

అతను నా వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఏమీ నొక్కకుండానే చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉన్నాడు.

"ఎత్తుతలేదమ్మా," అన్నాడు.