ఫోన్ పెట్టేయడం రాని పెదనాన్న

మా పెదనాన్నకి లోకంలో అన్ని పనులూ వచ్చు, ఒక్క ఫోన్ పెట్టేయడం తప్ప. ఎత్తడంలో ఆయన్ని మించినవాడు లేడు. మొదటి మోతకే ఎత్తుతాడు. నిచ్చెన మీద నిలబడి ఎత్తుతాడు, పళ్ళు తోముకుంటూ ఎత్తి నురగతోనే "హలో" అంటాడు. కానీ అవతలివాళ్ళు పెట్టేదాకా ఆయన పెట్టడు. పాత బొత్తాల ఫోన్ మార్చేటప్పుడు చూస్తే పచ్చ బొత్తాం మీద బొమ్మ అరిగి మాయమైపోయింది, ఎర్ర బొత్తాం మాత్రం కొన్ననాటిలా నిగనిగలాడుతోంది.

ఆయన లిఫ్ట్ మెకానిక్. నేనూ ఆయన దగ్గరే పని నేర్చుకుని అదే సర్వీసు కంపెనీలో చేరాను. అందుచేత ఆయన నాకు ఇంట్లో పెదనాన్న, డ్యూటీలో సీనియర్. రెండు చోట్లా చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకునే కనిపించేవాడు.

పెద్దమ్మకి పెళ్ళైన కొత్తలో ఇది ముచ్చటగా ఉండేదట. తర్వాత తర్వాత ఒళ్ళు మండటం మొదలైంది. ఆవిడ మాట్లాడి మాట్లాడి, ఇక ఆయన పెట్టడని తెలిసి, ఫోన్ వంటగట్టు మీద పడేసి తన పనిలో పడేది. ఈయన అవతల ఏ లిఫ్టు గుంతలోనో దిగి, ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, నట్లు బిగించుకుంటూ ఇంటి చప్పుళ్ళన్నీ వినేవాడు. "కుక్కర్ ఇందాకే కూసింది, ఇంక కట్టెయ్యి," అని జేబులోకి తలవంచి చెప్పేవాడు. ఒకసారి పెద్దమ్మ పక్కింటావిడ దగ్గర ఆయన మీద చాడీలు చెబుతుంటే, "అది పోయినేడాది సంగతి కదా, ఈ ఏడు బుద్ధిగానే ఉన్నానుగా," అని వంటగట్టు మాట్లాడిందట. పక్కింటావిడ చాలాకాలం మా వంటింట్లోకి అడుగుపెట్టలేదు.

బ్యాంకు కార్డు తీసుకోమని ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కస్టమర్ పెట్టేదాకా తను పెట్టకూడదని ఆ అమ్మాయికి ఉద్యోగంలో నేర్పారు. ఇంకేముంది, కొండని ఇంకో కొండ ఢీకొట్టింది.

"సార్, ఇంకేమైనా సందేహాలున్నాయా?"

"లేవమ్మా."

"అయితే ఉంటాను సార్."

"మంచిదమ్మా."

"పెట్టెయ్యండి సార్."

"పర్లేదు, నువ్వే పెట్టు తల్లీ."

కాసేపయ్యాక ఆ అమ్మాయి తన హాస్టల్ కష్టాలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఈయన కార్డు తీసుకోలేదు గానీ, ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ పండగలకీ పబ్బాలకీ "అంకుల్" అని పలకరిస్తుంది.

వీటన్నిటినీ మించింది ఇంకోటి ఉంది. గ్యాస్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "మా ప్రతినిధులందరూ ఇతరులతో మాట్లాడుతున్నారు, దయచేసి వేచి ఉండండి," అని రికార్డు గొంతు మొదలైంది. ఆదివారం, ఆఫీసుకి తాళం. ఆ గొంతు పెట్టదు, ఈయనా పెట్టడు. నేను వెళ్ళేసరికి చెవి ఎర్రగా కందిపోయి ఉంది. "పాపం, ఆ అమ్మాయి నీళ్ళైనా తాగకుండా ఒకటే చెబుతోందే," అన్నాడు. అది మనిషి కాదు, మిషను అని నేనే లాక్కుని కట్ చేశాను. చెప్పాపెట్టకుండా కట్ చేశానని నామీద ఆ పూటంతా గుర్రుగా ఉన్నాడు.

ఇలాంటి మనిషిని కంపెనీ విదేశానికి పంపింది. పాత లిఫ్టులన్నీ తీసేసి కొత్తరకం పెడుతున్నారు. వాటిని తయారుచేసే దేశానికి వెళ్ళి పని నేర్చుకుని రమ్మని మా ఇద్దరినీ ఎంపిక చేశారు. శిక్షణ చివర ఒక పరీక్ష ఉంటుంది. పాసైతే కొత్త లిఫ్టుల మీద పని. ఫెయిలైతే గోడౌన్‌లో కూర్చుని అడిగినవాళ్ళకి బోల్టులు అప్పజెప్పాలి. రెండోసారి పరీక్ష లేదు. పెదనాన్నకి గోడౌన్ అంటే జైలుతో సమానం. లిఫ్టు గుంత వాసన తగలకపోతే ఆయనకి అన్నం సహించదు.

కానీ ఆయన బెంగ అప్పటికి పరీక్ష గురించి కాదు. "అక్కడికి దిగాక ఆ దేశం సిమ్ కొనుక్కోండి, చాలు," అన్నాడు మా మేనేజరు.

"మరి నా నంబరు?"

"ఆ సిమ్ తీసి జేబులో వేసుకోండి."

"జేబులో వేసుకుంటే మోగుతుందా?"

నంబరు మోగకపోతే ప్రయాణమే వద్దని పెదనాన్న భీష్మించుకు కూర్చున్నాడు. నేను నలుగురినీ అడిగి ట్రావెల్ ఈసిమ్ సంగతి తెలుసుకున్నాను. "నీ సిమ్ తీయక్కర్లేదు పెదనాన్నా. అది ఎక్కడిదక్కడే ఉంటుంది, నీ నంబరు నీదే. ఇంటర్నెట్టుకి మాత్రం ఇంకో సిమ్ ఫోన్ లోపలికే దిగుతుంది. దీన్ని చేత్తో పెట్టేదేం లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు," అన్నాను.

"లోపలంటే ఎక్కడ?"

"లోపలే. కనపడదు."

"కనపడని సామాను నేనెప్పుడూ బిగించలేదే," అన్నాడు దిగులుగా.

మర్నాడు ఫోన్ పట్టుకొచ్చాడు, సిమ్ పెట్టే అర బయటికి రావట్లేదని. ఏం చేశావంటే, జిరాక్స్ షాపుకి వెళ్ళి ఆ క్యూఆర్ కోడ్‌ని సరిగ్గా సిమ్ అంత చిన్నదిగా ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఒక మూల కత్తిరించి మరీ అరలో కూరాడట. "మూల కత్తిరించడం మర్చిపోలేదు చూడు," అన్నాడు గర్వంగా. పట్టకారుతో దాన్ని ఊడబెరికే సరికి నాకు తాతలు దిగొచ్చారు.

చివరికి స్కాన్ చేశాను. రెండు లైన్లకీ పేర్లు పెట్టమని ఫోన్ అడిగింది. ఇంటి నంబరుకి 'మనది' అనీ, కొత్తదానికి 'వాళ్ళది' అనీ పెట్టించాడు. 'మనది'లో డేటా ఆపేశాను, డేటా అంతా 'వాళ్ళది' మీద. మన నంబరుకి వచ్చే కాల్స్ కూడా ఆ డేటా మీదుగానే వచ్చేలా మీట నొక్కాను. విమానం దిగగానే ఫోన్ ఆన్ చేశాడో లేదో, మోగింది. ఎవరో సిమెంటు కొట్టు అనుకుని చేశాడు. "సిమెంటు లేదు బాబూ, ఇది వేరే నంబరు," అని చెప్పి, ఆ పెద్దమనిషి పెట్టేదాకా విమానాశ్రయం మధ్యలో నిలబడ్డాడు. ఆయన ముఖంలో వెలుగు చూడాలి. "మనది పనిచేస్తోందే," అన్నాడు.

అక్కడ మాకు నేర్పినావిడ మనిషి పొడుగు, మాట పొదుపు. ఆవిడ ఇంగ్లీషు పెదనాన్నకి సగం అర్థమయ్యేది, తక్కిన సగం నేను చెప్పేదాన్ని. ఫోన్లన్నీ తలుపు దగ్గరున్న బుట్టలో వెయ్యాలని మొదటిరోజే చెప్పేసింది. పెదనాన్న ఎదురు చెప్పలేదు. బుద్ధిగా ఫోన్ బుట్టలో వేశాడు, తన కుర్చీ తెచ్చి బుట్ట పక్కన వేసుకున్నాడు. విరామంలో మోగితే ఎత్తేవాడు, అవతలివాళ్ళు పెట్టకపోతే చెవికి ఫోన్‌తోనే వచ్చి కూర్చునేవాడు. మేడమ్ చూపుడువేలు పైకెత్తేది. ఈయన ఫోన్ చూపించి, అవతలివాళ్ళదే ఆలస్యమని సైగ చేసేవాడు.

పరీక్షరోజు పొద్దున నేను బతిమాలాను.

"ఈ ఒక్కపూట 'మనది' ఆపనా పెదనాన్నా?"

"ఎవరైనా పిలిస్తేనో?"

"ఎవరు పిలుస్తారు?"

"అది ముందే తెలిస్తే ఆపేయొచ్చు," అన్నాడు.

పరీక్షలో రెండు భాగాలు. నమూనా లిఫ్టులో మేడమ్ పెట్టిన లోపం కనిపెట్టడం ఒకటి, లోపల ఇరుక్కున్న మనిషిని భయపడకుండా బయటికి తేవడం రెండోది. నా వంతు గట్టెక్కింది. పెదనాన్న మోకాళ్ళ మీద కూర్చుని, లిఫ్టు కంట్రోలు పెట్టె తెరిచి, టెస్టరు పట్టుకున్నాడు. అంతలో బుట్ట వణికింది. తెర మీద 'మనది' అని, కింద తెలియని నంబరు. ఇక్కడ పొద్దున, అంటే మన ఊళ్ళో సాయంత్రం. ఆయన తల తిప్పి చూశాడు. మేడమ్ కూడా చూసింది.

"ఫోన్ ఎత్తితే ఆయన వంతు అయిపోయినట్టే," అంది.

నేను తెలుగులో చెప్పాను. గోడౌన్ నా కళ్ళ ముందు కనిపించింది. పెదనాన్న టెస్టరు కింద పెట్టాడు. "అయిపోయిందని రాసుకోమనమ్మాయ్," అని ఫోన్ ఎత్తాడు.

అవతల ఒక అమ్మాయి ఏడుస్తోంది. కంప్యూటర్ క్లాసులు చెప్పే అమ్మాయట. అందరూ వెళ్ళిపోయాక తాళం వేసి దిగుతుంటే లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది, దీపం పోయింది. అరిచినా పలికేవాళ్ళు లేరు. లిఫ్టు గోడ మీద పెయింటుతో రాసిన నంబరు ఫోన్ వెలుతురులో కనిపిస్తే చేసింది. మేం చూసే ప్రతి లిఫ్టులోనూ ఆ నంబరు పెదనాన్న తన చేత్తోనే రాశాడు.

ఆయన బిల్డింగ్ పేరు అడిగి నావైపు చూశాడు. నేను బుట్టలోంచి నా ఫోన్ తీసి, డేటా మీద మా ఊళ్ళో డ్యూటీ మెకానిక్‌కి మెసేజ్ పెట్టాను. బయల్దేరుతున్నానని వెంటనే జవాబొచ్చింది.

"మనిషి బయల్దేరాడమ్మా. నువ్వు తలుపు లాగకు, కింద కూర్చో. గోడలు ఆకుపచ్చ రంగా?" అన్నాడు పెదనాన్న.

"అవునన్నా."

"అయితే అది నాకు బాగా తెలిసిన లిఫ్టే. దానికి బద్ధకం తప్ప చెడ్డబుద్ధి లేదు."

"తాడు తెగిపోదు కదన్నా?"

"ఒక్క తాడు కాదు, చాలా ఉంటాయి. అందులో ఒక్కటి చాలు నిన్ను మొయ్యడానికి. నేను నీకు మూడింతలుంటాను, నన్నే మోసింది."

ఏడుపు మధ్యలో చిన్న నవ్వు వినపడింది. "నా ఫోన్లో ఛార్జింగ్ తక్కువుందన్నా. మీరు పెట్టెయ్యకండి," అంది.

"ఆ భయం నీకక్కర్లేదు," అన్నాడు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "తెర వెలుతురు తగ్గించుకో. మీ క్లాసులో మొదటి పాఠం ఏం చెబుతావు?"

"ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం."

"మొదటిది వచ్చు. రెండోదే నాకు పట్టుబడలేదమ్మా. నువ్వు బయటికొచ్చాక నేర్పుదువుగాని."

"మీరెక్కడున్నారన్నా? దగ్గర్లోనేనా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పేరు కూడా పలకడం రాని వీధి, దాని అవతల ఎన్నో సముద్రాలు. "నీ పక్కనే ఉన్నాను తల్లీ, ఫోన్‌లో," అన్నాడు.

అలా మాట్లాడుతూనే ఉన్నాడు. హాల్లో మిగతావాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. కాసేపటికి ఫోన్‌లోంచి దబదబమని చప్పుడు, మగ గొంతులు, తలుపు జరిగిన మోత మాక్కూడా వినిపించాయి. ఆ అమ్మాయి కంగారులో ఫోన్ కట్ చేయకుండానే బయటికి నడిచింది. వాచ్‌మన్ మీద విరుచుకుపడటం మొదలుపెట్టింది. పెదనాన్న విని, హాయిగా ఊపిరి వదిలాడు. "తిడుతోంది. ఇక ఫర్వాలేదు," అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి దానంతట అదే ఆగేదాకా చెవి దగ్గర్నుంచి తీయలేదు.

మేడమ్ నా దగ్గరికి వచ్చి మొత్తం ఏం జరిగిందో చెప్పమంది. మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ మార్కుల కాగితం తీసింది. "లోపం కనిపెట్టే భాగానికి సున్నా. రూలు రూలే," అంది. "రెండో భాగానికి ఇంక పరీక్ష పెట్టక్కర్లేదు. ఇప్పుడే చూశాను," అని పూర్తి మార్కులు వేసింది. సగం పాస్ అన్నమాట. కొత్త లిఫ్టుని ఒంటరిగా ముట్టుకోకూడదు, పాసైన మెకానిక్‌ పక్కనుంటే పనిచేయొచ్చు. గోడౌన్ తప్పింది.

బసకి నడిచి వెళ్తూ ఇన్నాళ్ళూ అడగనిది అడిగాను, ఫోన్ ఎందుకు పెట్టవని. ఆయన ముందు నవ్వేశాడు. తర్వాత చెప్పాడు. "పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసి పరుగెత్తాను. త్వరగానే తలుపు తీశాను, ఆయనకేమీ కాలేదు. కానీ ఒకటే అడిగాడు. 'నువ్వు పెట్టేశాక, నువ్వొస్తున్నావో లేదో నాకెలా తెలుస్తుంది నాయనా?' అని. నిజమే కదా."

"సరే, లిఫ్టులో ఉన్నవాళ్ళకైతే అలాగే. బ్యాంకు కార్డు అమ్మాయికీ, సిమెంటు పెద్దమనిషికీ కూడానా?"

"ఎవరెక్కడ ఇరుక్కుని చేస్తున్నారో మనకేం తెలుసే," అన్నాడు.

ఆ మాటకి నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. మనసులో ఆయన్ని నవ్వులాటగా తీసుకున్న రోజులన్నీ తీపిగానే ఉన్నాయి, ఇప్పుడు ఇంకాస్త తీపయ్యాయి. తిరుగు విమానం ఎక్కేరోజుకి ఈసిమ్ గడువు తీరిపోయింది. "చూశావా, 'వాళ్ళదే' ముందు పెట్టేసింది," అని పెదనాన్న నొచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు మేమిద్దరం ఒక జట్టు. కాగితం మీద ఆయన నాకు అసిస్టెంటు. కొత్త లిఫ్టు ఆగితే నేను పెట్టె తెరుస్తాను, ఆయన మాట్లాడతాడు. మొన్న ఒక వకీలుగారు ఇరుక్కున్నారు. నేను తలుపు తీసేసరికి ఆయన లోపల చెవికి ఫోన్‌తో నిలబడి ఉన్నారు, బయట పెదనాన్న చెవికి ఫోన్‌తో నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

"బయటికొచ్చేశానండీ," అన్నారు వకీలుగారు ఫోన్‌లో.

"చూస్తున్నానండీ, సంతోషం," అన్నాడు పెదనాన్న ఫోన్‌లో.

"మరి ఉంటానండీ."

"మంచిదండీ, మీరే పెట్టండి."

వకీలుగారు ఇంకో చేత్తో పెదనాన్న చెయ్యి పట్టుకుని ఊపుతూ, ఫోన్ మాత్రం దించకుండా మెట్లవైపు నడిచారు. ఆయనకీ పెట్టబుద్ధి కాలేదు.