మూడు రోజుల ట్రయల్ రన్

నాన్న ప్లాంటులో మెయింటెనెన్సు ఫిట్టరుగా రిటైరై, పెందుర్తిలో ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లో ఏదైనా పాడవుతుందేమోనని ఎదురుచూస్తున్న రోజులవి. కొత్త ఇల్లు కావడంతో ఏదీ పాడవలేదు. చివరికి నా ల్యాప్‌టాప్ ఆ కరువు తీర్చింది.

అది ఎవరో వాడి వదిలేసిన సెకండ్ హ్యాండుది. లోపలి ఫ్యాను కీచుమని అరిచేది, కాసేపటికి మొత్తం ఆగిపోయేది. సోమవారం పొద్దున్న నా ఎం.సి.ఏ. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. ఆఖరి చాప్టరు ఇంకా టైపు చెయ్యాలి. ఇవ్వకపోతే ఏడాది పోతుంది. కొత్తది కొందామన్నాను. అప్పుడు నాన్న చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. ముందు ఇంటి మెయిన్ ఆపేశారు. ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకేసే ఉంది కదా అన్నాను.

"సట్‌డౌన్ తీసుకోకుండా పని సేత్తారేటమ్మా? పేనాలు పోతాయి," అంటూ మెయిన్‌కి ఎర్ర అట్టముక్క వేలాడదీశారు. 'పని జరుగుచున్నది. స్విచ్ వేయరాదు.' తాను హెల్మెట్ పెట్టుకుని, టార్చి పట్టుకున్న అమ్మకీ ఒకటి పెట్టారు. దాని కింద అమ్మ తల్లోని మల్లెపూలు నలిగిపోయాయి.

"పిండి రుబ్బాల. కరెంటెప్పుడిత్తారు?" అంది అమ్మ.

"క్లియరెన్సు వచ్చాక."

"ఎవులిత్తారది?"

"నానే."

మధ్యాహ్నానికి ఫ్యాను దుమ్ము దులిపి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి బిగించారు. మెయిన్ వేసి ఆన్ చేస్తే చప్పుడే లేదు. నేను సంబరంగా కుర్చీ లాక్కున్నాను. నాన్న అడ్డం వచ్చారు. ఏ మిషనైనా రిపేరయ్యాక మూడు రోజులు లోడు లేకుండా తిరగాలట. టైపు చెయ్యడం లోడట.

దాని ఎదురుగా కూర్చుని, గంటకోసారి వీపు మీద చెయ్యి పెట్టి చూసి, నోటుబుక్కులో రాసేవారు. వెచ్చన. వెచ్చన. కొంచెం వెచ్చన. భోజనానికి లేస్తే అమ్మ చేత సంతకం పెట్టించి డ్యూటీ అప్పగించేవారు. అమ్మ నన్ను దరిదాపులకి రానిచ్చేది కాదు.

మొదటిరోజు నవ్వాను. రెండోరోజు బతిమాలాను. ఆదివారం మధ్యాహ్నానికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు రిటైరైపోయావు నాన్నా! ఇదేటి, ప్లాంటా? ఇక్కడ నిన్నెవులడిగారు?" అని అరిచాను.

నాన్న నోటుబుక్కులో టైము వేసి, సంతకం పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను కూర్చుని టైపు చేశాను. సోమవారం రిపోర్టు ఇచ్చాను, పాసయ్యాను. ల్యాప్‌టాప్ మరో రెండేళ్ళు నోరెత్తకుండా పనిచేసింది. క్షమించమని అడగడానికి మాత్రం సిగ్గేసింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఊరుకున్నాను.

తరువాతి వేసవిలో మిక్సీ ఆగిపోయింది. అమ్మ దాన్నీ, స్క్రూడ్రైవరునీ తెచ్చి నాన్న ముందు పెట్టింది. వంటింట్లో చప్పుడు వింటే చాలు, ఏది అరిగిందో వసారాలోంచే చెప్పగల మనిషి. పేపరులోంచి తల ఎత్తకుండానే అన్నారు:

"కొత్తది కొనీండి."