హెల్మెట్ వదులైన చివరి రౌండు

మా అన్నయ్య శవం దొరకలేదు.

సునామీ వచ్చిన ఉదయం అతను కార్ నికోబార్ ద్వీపంలో ఉన్నాడు. అక్కడ క్వార్టర్లు కడుతున్న కాంట్రాక్టరు కాంక్రీటు మిక్సర్ ఆగిపోయిందని కబురు చేస్తే, బాగుచెయ్యడానికి పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడెక్కి వెళ్ళాడు. పని తొందరగానే అయిపోయింది. తిరుగు ఓడ కోసం ఆగాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చూసి చెప్పగలిగిన మనిషి మాకు తారసపడలేదు.

కొన్ని వారాలపాటు మా పోర్ట్ బ్లెయిర్‌లో హాడో జెట్టీకి వచ్చిన ప్రతి ఓడ దగ్గరా నిలబడ్డాను. నా ఉద్యోగం హార్బరు ఆఫీసులోనే కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపేవాళ్ళు కాదు. దిగేవాళ్ళ ముఖాలు చూసేవాణ్ణి. తర్వాత మానేశాను. వదిన ఎదురుచూడటం మానలేదు. డాలీగంజ్‌లో అన్నయ్య పెట్టిన స్పేర్ పార్టుల దుకాణం ఆవిడే తెరిచేది. బొట్టు తియ్యలేదు, పుస్తెలు తియ్యలేదు. ఎవరైనా అడిగితే, "కారునికోబార్ ఎళ్ళినారు" అని మాత్రం అనేది. కర్మ చేయించాలన్న మాట ఎత్తినవాళ్ళతో మళ్ళీ మాట్లాడేది కాదు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. ఎనిమిదో తరగతి నుంచి చెన్నై దగ్గర మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఆ మేనమామ, అంటే వదిన తమ్ముడు, రేసు కార్లు తయారుచేసే షెడ్డులో మెకానిక్కు. అలా వీడికీ ఆ పిచ్చి అంటుకుంది. ముందు చిన్న గో-కార్టులు నడిపాడు. తర్వాత ఒక్కడే కూర్చునే, పైకప్పు లేని, చక్రాలు బయటికి కనిపించే రేసు కారు ఎక్కాడు. కుర్రవాళ్ళకోసం పెట్టిన పోటీ అది, ఏడాదికి కొన్ని రౌండ్లు. మా ద్వీపంలో టాప్ గేరు వెయ్యడానికి చాలినంత తిన్నని రోడ్డు లేదని వాళ్ళ మామ వేళాకోళం చేసేవాడు.

తండ్రి పోయిన మరుసటి ఏడాది వాడికి పదిహేడు. చదువు మానలేదు, రేసులూ మానలేదు. డిసెంబరులో చివరి రౌండు నాటికి వాడివీ, కోయంబత్తూరు కుర్రాడివీ పాయింట్లు సమానం. ఆ రౌండులో ఇద్దరిలో ఎవరు ముందు చేరితే వాళ్ళదే ఛాంపియన్‌షిప్పు, వాళ్ళకే వచ్చే ఏడు పై తరగతి కారులో ఖర్చు లేకుండా సీటు. రెండోవాడికి చప్పట్లే. అంతకుముందు ఖర్చంతా అన్నయ్య చూసుకునేవాడు. ఇప్పుడు చూసుకునేవాళ్ళు లేరు. వదిన ఆ మాట దాచకుండా ఫోనులో చెప్పింది.

"సీటొస్తే ఆడుకో. రాకపోతే ఇంటికొచ్చీసి దుకాణంలో కూకో. ఠీక్ హై?"

"ఠీక్ హై అమ్మా."

ఆ నెలలోనే పౌర్ణమికి అన్నయ్య పోయిన తిథి వచ్చింది. దానికి పది రోజుల ముందు, ఎవరూ అడక్కుండానే, దుకాణంలో బేరింగులు సర్దుతూ వదిన నాతో అంది: "మరిదీ, పంతులుగారికి చెప్పు. ఏడాది దాటకుండా చేసీమను. పిల్లాణ్ణి రమ్మను."

నేను వెంటనే వెళ్ళి పంతులుగారికి చెప్పాను. చెన్నైకి ఫోను చేశాను. ఏడాదిపాటు ఒప్పుకోని మనిషి ఒప్పుకుంది. ఆ ఒక్క సంగతి తప్ప ఆ పది రోజులూ మా ఇంట్లో ఎవరికీ మరో సంగతి తోచలేదు. తిథి గురువారం, రేసు ఆదివారం. విమానం టికెట్లు సరిగ్గా కుదిరాయని కూడా సంతోషించాం.

సముద్రం ఒడ్డున వద్దంది వదిన. చౌల్దారీ వైపు తెలిసినవాళ్ళ పొలం ఉంది. సునామీ తర్వాత ఆ వైపు నేల కుంగి, వరిమళ్ళలోకి వచ్చిన ఉప్పునీళ్ళు వెనక్కి పోలేదు. ఆ గట్టు మీద చేశాం. శవం లేనివాళ్ళకు దర్భలతో మనిషి ఆకారం కట్టి, తలకు కొబ్బరికాయ పెట్టి, దానికి దహనం చేస్తారు. పంతులుగారు మెయిన్‌లాండ్ నుంచి తెప్పించిన దర్భకట్ట విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులూ కాళ్ళూ విడివిడిగా కట్టారు. మా అన్నయ్య పొడగరి. ఆ బొమ్మ నా మోచేతి నుంచి వేళ్ళదాకా కూడా లేదు. నేను చూసింది అంతే. దాని గురించి ఇంకేమీ రాయను.

కర్మ చేసే మా వాడికి ఒత్తయిన జుట్టు, మెడదాకా. బీహారీ మంగలి కత్తి తీశాడు. వయసు చూసి పంతులుగారు మెత్తబడ్డారు.

"కాస్త కత్తిరించినా చాలు నాయనా. చదువుకునే పిల్లాడివి."

"ఫర్లేదండీ, పూర్తిగా తియ్యమనండి," అన్నాడు వాడు.

మంగలి నవ్వాడు. "అరే, ఇత్నా బాల్! ఇంత జుట్టు రెండు తలల పని భయ్యా."

సగం అయ్యాక వాడు ఒక్కసారి చెయ్యెత్తి, గీసిన వైపు తడుముకున్నాడు. వదిన ఎదురుగానే నిలబడి ఉంది. చెయ్యి దించేశాడు. కత్తి తగిలిందేమో అనుకున్నాను.

మర్నాడు వాడితోపాటు నేనూ చెన్నై వెళ్ళాను. ఎయిర్‌పోర్టు బయట వాళ్ళ మామ ఎదురొచ్చాడు. మేనల్లుడి గుండు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే ఆ చెయ్యి అలాగే ముఖం మీద ఆగిపోయింది.

"ఒరేయ్, హెల్మెట్!"

"తెలుసు మామా," అన్నాడు వాడు.

నాకు తెలియదు. దారిలో చెప్పారు. రేసు హెల్మెట్ తలకు బిగుతుగా అతుక్కోవాలి. లోపలి మెత్త ఆ తలకు, ఆ జుట్టుకు సరిపడా కుదురుకుని ఉంటుంది. పైకప్పు లేని కారులో వేగం పెరిగినప్పుడు గాలి గడ్డం కిందనుంచి దూరి హెల్మెట్‌ను పైకి లాగుతుంది. అది వదులుగా ఉంటే పట్టీ గొంతు నొక్కుతుంది, కళ్ళముందు దారి అదిరిపోతుంది.

ఎవరూ వినడం లేదనుకున్నాక వాణ్ణి అడిగాను. "నీకు ముందే తోచలేదట్రా?"

"కత్తి కింద కూర్చున్నాక గుర్తొచ్చింది చిన్నాన్నా. అప్పటికి సగం తీసీసినాడు." గుండు తడుముకుంటూ, "అమ్మ ముందర ఏటని చెప్పను?" అన్నాడు.

శనివారం ప్రాక్టీసులో వాడు రెండు చుట్లు తిరిగి లోపలికి వచ్చేశాడు. మెడ పట్టుకుని దిగాడు. అరువు తెచ్చిన చిన్న సైజు హెల్మెట్ నుదురు నొక్కి పదినిమిషాల్లో తలనొప్పి తెప్పించింది. చివరికి వాడి హెల్మెట్‌నే ఉంచి, నిప్పంటుకోకుండా తలకు తొడిగే బట్టముసుగు ఒకదాని మీద ఒకటి రెండు తొడిగి, బుగ్గల దగ్గర మెత్తలు మార్చారు. తనిఖీ చేసే ఆయన హెల్మెట్ రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. సరే అన్నాడు గాని ముఖం సరేలా లేదు.

పక్క షెడ్డులో ఒక తెలుగు మెకానిక్కు ఉన్నాడు, నెల్లూరు మనిషి. మావాణ్ణి చూసి దూరంనుంచే కేకేశాడు.

"ఏం తమ్ముడూ, తిరుపతి పొయ్యొచ్చినావా? గెలవకముందే మొక్కు తీర్చేస్తే స్వామికి తొందర ఏముంటాదిబ్బా!"

చుట్టూ నలుగురు నవ్వారు. మామ కోపంగా అటు తిరిగాడు. మావాడు అతని చెయ్యి పట్టి ఆపి, "అడ్వాన్సు ఇచ్చానన్నా," అన్నాడు. నెల్లూరాయన ఇంకా గట్టిగా నవ్వాడు. ఆయనకు తెలియదు. తెలియకపోవడమే నయమనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం రేసు. నేను ట్రాక్ పక్కన, కార్లు ఆపే చోట ఉండే పిట్ గోడ దగ్గర మామ పక్కన నిలబడ్డాను. అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. పుస్తకాల్లో చదివిన పోటీలేవీ ఆ చప్పుడుకు నన్ను సిద్ధం చెయ్యలేదు. మావాడు మొదటి మలుపులోనే ముందుకొచ్చాడు. కోయంబత్తూరు కుర్రాడు వెనకే. మిగతావాళ్ళు త్వరలోనే బాగా వెనకబడ్డారు. ఇక ఆ రెండు కార్లే.

నాలుగైదు చుట్లయ్యాక, మా ముందునుంచి పోయే తిన్నని దారిలో వాడు ఎడమచెయ్యి స్టీరింగు మీదనుంచి తీసి తల మీద పెట్టుకోవడం చూశాను. హెల్మెట్‌ను కిందికి అదుముకుంటున్నాడు. ఒంటిచేత్తో నడుపుతూ ఆ దారంతా అలాగే పోయి, బ్రేకు వేసే చోటికి రాగానే చెయ్యి దించాడు. తర్వాతి చుట్టులోనూ అంతే. గోడ దగ్గర జనం ఒకళ్ళకొకళ్ళు చూపించుకోవడం మొదలుపెట్టారు.

"వచ్చీరా నాయనా, వచ్చీరా," అని మామ గొణుగుతున్నాడు. లోపలికి రమ్మంటున్నాడో, గెలిచి రమ్మంటున్నాడో నాకు అర్థం కాలేదు. నేను మాత్రం ఆగిపోతే బాగుండునని కోరుకున్నాను. ఇంకొకరి కోసం ఆ గట్టు మీదికి వెళ్ళే ఓపిక నాకు లేదు.

వాడు ఆగలేదు. చివరి చుట్టుకు ముందు చుట్టులో తిన్నని దారి చివర చెయ్యి దించడం కాస్త ఆలస్యమైంది. కారు ఒక్క అడుగు బయటికి జరిగింది. కోయంబత్తూరు కుర్రాడు లోపలివైపునుంచి దూరాడు. అంతే. చివరి చుట్టంతా మావాడు అతని వెనకచక్రాలకు అతుక్కునే ఉన్నాడు గాని, దాటే చోటు దొరకలేదు. కారు పొడవంత తేడాతో రెండోవాడిగా వచ్చాడు.

హెల్మెట్ తీస్తే గడ్డం కింద పట్టీ ఒరుసుకున్న ఎర్రగీత. గెలిచిన కుర్రాడు వచ్చి కౌగిలించుకున్నాడు. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. తర్వాత మావాడు నా ఫోను అడిగి తల్లికి చేశాడు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆవిడ గొంతు నాకూ వినిపించింది.

"ఏటైనాదిరా?"

"రెండోది వచ్చినాను అమ్మా. టైరు అరిగిపోయింది."

"దెబ్బలేటీ తగల్లేదు కదా?"

"లేదమ్మా."

"అయితే వచ్చీ. బోడితల, ఎండలో తిరగకు."

ఫోను తిరిగిస్తూ నావైపూ మామవైపూ చూసి, "టైరే. సమ్‌జే?" అన్నాడు. సరేనన్నాం.

ఇంటికొచ్చాక కొందరు బంధువులు తండ్రి ఆత్మ వాణ్ణి వెనక్కి పిలిచిందన్నారు. సముద్రం ఇంకా వదల్లేదని మరొకాయన అన్నాడు. అలాంటివి పుస్తకాల్లో చదివినప్పుడూ నాకు నచ్చేవి కావు. జుట్టు పోతే హెల్మెట్ వదులవుతుంది. అందులో పిలిచినవాళ్ళూ లేరు, వదలనివాళ్ళూ లేరు.

వాడు మాటప్రకారం దుకాణంలో కూర్చున్నాడు. పని తెలిసినవాడే. జీపులవాళ్ళూ, పునరావాసం పనులకొచ్చిన లారీలవాళ్ళూ వాడి దగ్గరికే వచ్చేవాళ్ళు. తల్లీకొడుకులు పోట్లాడుకోలేదు. ఆ రేసు మాట ఇంట్లో రాలేదు.

మూడునెలలకు కాబోలు, మామ ద్వీపానికి వచ్చాడు. రాత్రి అందరం భోజనాలకు కూర్చున్నాం. వదిన చేపల పులుసు పోస్తోంది. మాటల్లో ఎవరో టైర్ల ధర ఎత్తితే, మామ మామూలుగా అనేశాడు: "ఆడి కారుకి టైర్లు బానే ఉండీవి. ఆ హెల్మెట్టే, గుండు చేయించకపోయుంటే..." అని, ఆగిపోయాడు. మావాడు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. వదిన గరిటె ఆపకుండా అందరికీ పోసింది.

చేతులు కడుక్కుని నేను దొడ్లో నిలబడి ఉంటే వెనకే వచ్చింది.

"నీకూ తెలుసా మరిదీ?"

"అక్కడికి ఎళ్ళినాక తెలిసింది వదినా."

"ఆరోజు ఒక్కడైనా నోరిప్పి సెప్పుంటే, పిల్లాడికి ఆట ఉన్నాదీ, గుండైతే హెల్మెట్టు వదులైపోతాదీ అని..." గొంతు పెంచలేదు. "ఏడాది ఆగినారు ఆయన. ఇంకో నాలుగురోజులు ఆగరా?"

సునామీ తర్వాత మొదటిసారి ఆవిడ అన్నయ్య గురించి కారునికోబార్ వెళ్ళిన మనిషిగా కాక, పోయిన మనిషిగా మాట్లాడిందని గమనించాను.

లోపలికి వెళ్ళి కొడుకు ఎదురుగా కూర్చుంది. వాడు ఇంకా తింటూనే ఉన్నాడు.

"ఆ సీటు ఆ పిల్లాడికి పూర్తిగా ఇచ్చీసినారా? ఒకపాలి అడిగితే?"

"ఇచ్చీసినారమ్మా. పోయిన వారమే మొదటి రేసు కూడా అయిపోయింది."

"ఎవరు గెల్చినారు?"

"వాడే."

"బాగా నడుపుతాడా?"

"బాగా నడుపుతాడమ్మా."

ఆవిడ తలూపి, చేపముక్క తీసి వాడి పళ్ళెంలో వేసింది. "తిను," అంది.