నాదన్న నీడ మడి

రాయదుర్గంలో మా ఆఫీసు గోడ నీడన తోటమాలి ఒత్తుగా అల్లుకున్న ఊదాపూల మొక్కల్ని పీకి పలచన చేస్తున్నాడు. ఆ తడిమట్టి వాసనకు బోరబండలోని మా పెరడు గుర్తొచ్చింది.

"ఎండ తగలని గీ జాగ నీదే బిడ్డా," అని అమ్మ ఇస్తే, అక్కడ అవే మొక్కలు పెంచాను. రెండేళ్లకు నేల కనబడకుండా పూశాయి. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి సగం మడి బోసిగా ఉంది. నా మొక్కలు పక్కింటి అత్త గంపలో ఉన్నాయి.

"నాదే అంటివి గదనే అమ్మా!"

"ఒత్తుగుంటే పూత తగ్గుతది. సగం తీసి పంచాలె. గింతదానికే ఏడుస్తరా?"

"నీ పెండ్లికి పూలు నేనే తెస్త తీ," అని అత్త నవ్వింది.

వానాకాలానికి మిగిలిన సగమే మడంతా కప్పి, మునుపటికంటే ఎక్కువ పూసింది. అమ్మ లెక్క సరైనదే. కానీ అడిగి ఉంటే నేనే తవ్వి ఇచ్చేదాన్ని.