కుట్టుమిషను పక్కన మాండలిన్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఒక బట్టలకొట్లో గుమాస్తాను. పక్క కొట్టు దర్జీది. మామూలు రోజుల్లో ఆయన చొక్కాలు కుట్టేవాడు, పెళ్ళిళ్ళ కాలంలో బ్యాండులో మాండలిన్ వాయించేవాడు. అందరూ మాస్టరనే పిలిచేవాళ్ళు. ఆ బ్యాండులో రెండో మాండలిన్ నాది కావాలని నా పిచ్చి. మరుసటేడు పులివెందులలో జరిగే ఒక పెద్దింటి పెళ్ళికి బ్యాండువాళ్ళు ఒప్పుకున్నారు. అప్పటికి తయారైతే తీసుకుపోతానని మాస్టరు మాటిచ్చాడు.

మాటైతే ఇచ్చాడు గానీ ఒక్క పాట నేర్పితే ఒట్టు. ఏడాది పొడుగునా వరుసలే. సరిగ, రిగమ, గమప అంటూ మెట్టు మెట్టు ఎక్కడం, మళ్ళీ అదే దోవన దిగడం. చేతిలోని బిళ్ళతో తీగను ఒకసారి కిందికి మీటితే, ఒకసారి పైకి మీటాలి. వెంటవెంటనే రెండుసార్లు కిందికి మీటానంటే, కుట్టులోంచి తలెత్తకుండానే పట్టేసేవాడు.

"మళ్ళా కిందికే కొడతాండావు. మొదట్నించీ రా."

"పాట ఎప్పుడు మాస్టరూ?"

"చెయ్యి కుదరనీ అప్పా. పాట యాడికి పోతాది?"

మధ్యాహ్నం బేరాలు లేని వేళ రోజూ ఆయన మిషను పక్కన బల్ల మీద కూర్చుని అవే గీకేవాణ్ణి. వేళ్ళు కాయలు కాశాయి. పెళ్ళిలో ఇదే వాయిస్తే పెళ్ళికొడుకు పారిపోతాడని మా యజమాని ఎగతాళి చేసేవాడు. విసుగు ముదిరి మాండలిన్‌ను గోడకేసి కొట్టాలనిపించిన రోజులున్నాయి. అయితే వేగం మాత్రం వచ్చింది. మిషను ఎంత జోరుగా నడిస్తే అంత జోరుగా వాయించేవాణ్ణి, బిళ్ళ ఎక్కడా తడబడేది కాదు.

పెళ్ళికి వారం ముందు జమ్మలమడుగులో, డోలక్ వాయించే ఆయన ఇంట్లో బ్యాండువాళ్ళతో కలిసి సాధనకు కూర్చున్నాం. వరుసలతోనే మొదలుపెట్టమన్నాడు మాస్టరు. అందుకున్నాను. కాసేపటికి డోలక్ ఆయన చెయ్యి ఆపేశాడు.

"ఏందప్పా, పరిగెత్తి పరిగెత్తి నిలబడతాండావు? నేను యాడ కలుపుకోవల్ల?"

మళ్ళీ వాయించాను. మళ్ళీ అంతే. మూడోసారి మాస్టరు కళ్ళు మూసుకుని విన్నాడు. వింటూ ఉండగానే ఆయన కాళ్ళు మిషను తొక్కినట్టు నేల మీద ఆడసాగాయి.

"ఇది నేను చొక్కా కుట్టే వరస" అన్నాడు. "పక్క కుట్టు జోరుగా పోతాది. కాలరు మూల కాడ సూది ఆపి గుడ్డ తిప్పుకుంటా. ఈయప్ప ఆడ ఆగుతాండాడు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏడాదిగా మీ పక్కనే వాయిస్తాండా గదా మాస్టరూ, ఒక దినమన్నా చెప్పకపోతిరే."

"నాకు యాడ తెలుస్తాది? నా కాలికి సరిగ్గా సరిపోతాండె. శానా బాగా వాయిస్తాండావనుకుంటి."

ఆయన మీద కోపం, నా మీద అంతకు రెట్టింపు కోపం.

పులివెందుల బస్సు నేను లేకుండానే పోయింది. పెళ్ళినాడు మధ్యాహ్నం మాస్టరు కొట్టు మూసి ఉంది. మా కొట్లోనే ఒక మూల కూర్చుని మొదటి వరుస అందుకున్నాను. పక్కన ఏ చప్పుడూ లేదు. నాలుగు వరుసలు జోరుగా సాగాక చెయ్యి దానంతటదే ఆగింది. గుడ్డ తిప్పుకునేంతసేపు ఆగి, మళ్ళీ పరుగు తీసింది.