గుడ్డికొంగలూ, నా నోటిదూలా

ఆ రోజుల్లో పీహెచ్‌డీ చేస్తున్నానంటే పిల్లనిచ్చేవాళ్లు లేకపోయినా, కూర్చోమని కుర్చీ వేసేవాళ్లు ఉండేవారు. దేనిమీద అని అడిగితేనే చిక్కు. "దోమల మీదండి" అంటే అదే కుర్చీ కొంచెం వెనక్కి జరిగేది. నిజానికి నా పరిశోధన, పక్షుల ఒంట్లోంచీ పందుల ఒంట్లోంచీ దోమలు మనుషుల్లోకి మోసుకొచ్చే మెదడువాపు వైరస్ మీద. పెళ్లి పందిళ్లలో ఇంత పొడుగు వాక్యం చెప్పలేక "సైన్సండి" అని సరిపెట్టేసేవాణ్ణి. అలా సరిపెట్టాల్సిన చోట సరిపెట్టకపోవడం వల్ల ఒకసారి ఏమైందో చెబుతాను.

భీమవరం అవతల ఒక ఊళ్లో, వరిచేలను ఆనుకుని ఒక పాత పెంకుటిల్లూ, పెరట్లో పెద్ద నిద్రగన్నేరు చెట్టూ, ఆ చెట్టునిండా గుడ్డికొంగల గూళ్లూ ఉండేవి. (పేరుకే గుడ్డివి. పట్టుకోబోతే కంట్లో పొడవడంలో వాటి గురి అమోఘం.) వాటి పిల్లల నెత్తురు తలా రెండు చుక్కలు కావాలి నాకు. ఇంటావిణ్ణి ఊరంతా మామ్మగారనేవారు. ఏటా వానాకాలం వచ్చి గూళ్లు కట్టే ఆ కొంగల్ని ఆవిడ కన్నబిడ్డల కింద లెక్కేసేవారు. "పురిటికొచ్చిన పిల్లల దగ్గర సూదులేంటయ్యా? వెళ్లిరా" అని మూడు రోజులు వరసగా మజ్జిగ ఇచ్చి మరీ పంపించేశారు. అక్కడ యూనివర్సిటీలో మా గైడుగారేమో ఫోన్లో, "వానలు తగ్గాయంటే పిల్లలు ఎగిరిపోతాయి. వాటి వెనకే నీ థీసిసూ ఎగిరిపోతుంది" అని దీవించారు.

నాలుగో రోజు పొద్దున్న కాకా హోటల్లో దిగాలుగా కూర్చున్నాను. హోటలాయన్ని అందరూ బాబాయి అనేవారు. ఆయన టీ పెడుతూ, "ఏంటండి డాక్టరు గారూ, అసలా కొంగల్లో ఏముందండి?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎన్ని నెలలైందో! ఒళ్లు పులకరించింది. టీ గ్లాసు కొంగ, పంచదార డబ్బా మనిషి, మధ్యలో బిస్కెట్టు ముక్క దోమ. ఆ ముక్కని గ్లాసు మీంచి డబ్బా మీదికి ఎగరేస్తూ అరగంట పాఠం చెప్పాను. పక్క బల్లలవాళ్లు కూడా చుట్టూ మూగారు. కిందటేడు పక్కూళ్లో ఒక పిల్లాడు మెదడువాపు వచ్చి చావు తప్పి బయటపడ్డాడనీ, ఆ భయం వీళ్లకింకా పోలేదనీ నాకేం తెలుసు? నేను చెప్పింది అరగంట. వాళ్లు ఇంటికి పట్టుకెళ్లింది మూడే మాటలు: కొంగల వల్లే మెదడువాపు.

పదింటికల్లా చెట్టుకింద పాతికమంది. నలుగురి చేతుల్లో గొడ్డళ్లు. నేను పరిగెత్తుకెళ్లేసరికి మామ్మగారు చెట్టు మొదట్లో నులకమంచం వాల్చుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే, "చెట్టు తర్వాత నరుకుదురుగాని, ముందీ అబ్బాయి నాలిక కొయ్యండర్రా" అన్నారు.

"డాక్టరు గారే కదండి చెప్పారు!" అన్నాడు బాబాయి.

నేను ఎదురుగా ఉన్న కుడితితొట్టి అంచెక్కి, "కొంగ మిమ్మల్నేం చెయ్యదండి! దాన్ని కుట్టిన దోమ..." అని అందుకున్నాను.

"కొంగే లేకపోతే దోమకి జబ్బెక్కడిదండి?" అన్నాడు గొడ్డలి పట్టుకున్న ఒకాయన. (ఇంత సూటి ప్రశ్న మా గైడుగారు కూడా వెయ్యలేదు.)

"ఈ చెట్టు కొట్టేస్తే అవి పక్కూరి చెట్టెక్కుతాయండి. మేతకి మళ్లీ మీ చేలోకే వస్తాయి. పందులూ ఇక్కడే ఉంటాయి, దోమలూ ఇక్కడే ఉంటాయి. పోయేది చెట్టొక్కటే! పాపం, ఈ పిల్లలకేం తెలుసండీ..." అంటూ ఆవేశంగా తలెత్తి పైకి చూపించాను. కింద గోలకి బెదిరిపోయి ఉందేమో, సరిగ్గా నా పైనున్న పిల్ల పొద్దుట తిన్న చేపలూ కప్పలూ మొత్తం నా మొహాన కక్కేసింది.

ముందు మామ్మగారు నవ్వారు. ఆ తర్వాత ఊరు నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వేవాడు గొడ్డలెలా ఎత్తుతాడు? బాబాయే బావిలోంచి నీళ్లు తోడి నా నెత్తిన పోశాడు. అరగంటలో నేను పాడుచేసిందాన్ని సరిచెయ్యడానికి రెండు రోజులు గడపగడపకీ తిరగాల్సొచ్చింది. చివరికి పందుల్ని ఊరి చివరికి తరలిద్దామనీ, పిల్లల్ని దోమతెరల్లో పడుకోబెడదామనీ అనుకున్నారు. చెట్టు నిలిచింది.

మూడో రోజు మామ్మగారే కబురంపారు. ఒక్కో కొంగపిల్లనీ తనే ఒళ్లో పెట్టుకుని, కళ్లమీద చీరకొంగు కప్పి, "రెండంటే రెండే చుక్కలు. మూడోది లాగావో, చూసుకో!" అని నన్ను అదిలించి, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని దాన్ని ఊరడించారు.

ఫలితాలు రావడానికి నెలలు పట్టింది. కొన్ని పిల్లల నెత్తుట్లో వైరస్ సోకిన జాడ ఉంది. చెప్పడానికి వెళ్లేసరికి ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"మామ్మగారూ, మన కొంగల్లో కొన్నిటికి ఉందండి."

ఆవిడ తలెత్తలేదు. "హోటల్లో చెప్పావా?"

"లేదండి. ముందు మీకే."

"మరిప్పుడు మేం ఏం చెయ్యాలి?"

"ఇప్పుడు చేస్తున్నదేనండి. దోమతెరలు మానకూడదు, పందుల్ని దూరంగానే ఉంచాలి."

"అయితే అది ముందు చెప్పు. జబ్బు సంగతి వెనక చెప్పు" అని, ఒక చాటెడు కాయలు నా ముందుకి తోశారు.

ఆ మాట థీసిస్‌లో ఎక్కడా రాయలేదు. క్లాసులో మాత్రం ఏటా చెబుతాను, అదేదో నేనే కనిపెట్టినట్టు. ఇక బిస్కెట్టు ముక్కని ఎగరేసిన ఆ ఇరవయ్యారేళ్లవాడి మీద ఇప్పుడు కోపమేం లేదు. తన చదువు గురించి ఒక మనిషి అడిగాడన్న సంబరం పాపం వాడిది. ఇప్పుడు పెద్ద పెద్ద హాళ్లలో మైకిచ్చి మరీ అడుగుతున్నారు. చెబుతూనే ఉన్నాను గానీ, ఆ పులకరింత మాత్రం మళ్లీ రాలేదు.