మాణిక్యం ఆంటీ చించిన బొమ్మ

నిన్న పొద్దున రాఫెల్స్ ప్లేస్‌లో ట్రైన్ దిగుతుంటే మెసేజ్ వచ్చింది. మాణిక్యం ఆంటీ ఇక లేరు.

ఎస్కలేటర్ పక్కన అలాగే నిలబడిపోయాను. ఆఫీసుకు వెళ్లలేదు.

టోవా పాయోలో మా పై ఫ్లోర్ ఆంటీ. వయసులో ఉన్నప్పుడు ఒక బ్రైడల్ షాపుకు పెళ్లి గౌన్ల బొమ్మలు వేసేవారు. ఆ కాలపు ప్యారిస్ ఫ్యాషన్. పొడుగు మెడ, గుప్పెడు నడుము, గొడుగంత స్కర్టు. బ్రష్‌తో నాలుగు గీతలు గీస్తే గౌను నిలబడేది. తర్వాత తర్వాత ఇంట్లోనే తెలిసినవాళ్లకు గీసి, కుట్టి ఇచ్చేవారు.

బొమ్మకు ముఖం మాత్రం వేసేవారు కాదు. అడిగితే "అక్కడ ఉండేది నువ్వే కదా" అనేవారు.

చర్చిలో నా పెళ్లికి గౌను ఆవిడే కుట్టారు. పెళ్లయిన వారానికి మకాన్‌కి, అంటే భోజనానికి, పిలిచి, ఆ బొమ్మను నా కళ్ల ముందే నిలువునా చించారు. ఎడమ సగం నా చేతిలో పెట్టారు.

"ఒక గౌను, ఒక్కతే పెళ్లికూతురు. ఇంకెవరికీ కుట్టను లా" అన్నారు, ఇక్కడి వాడుకలో చివర "లా" తగిలించి.

ఆ సగాన్ని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఈ కథ చెప్పి ప్రాణం తీసేదాన్ని.

ఆరేళ్ల తర్వాత మా చెల్లి చిన్ని పెళ్లి కుదిరింది. "అక్కా, నాకూ నీ గౌను లాంటిదే కావాలే" అంది, ఆంటీ ఎదురుగానే.

నేను ఒప్పుకోలేదు. ఆంటీ మాట ఇచ్చారు, అది నా ఒక్కదానిదే అన్నాను.

ఆంటీ టీ తాగుతూ అవునన్నట్టు తల ఊపారు.

చిన్ని అద్దె గౌనులో పెళ్లి చేసుకుంది. తను కాపురముండే సెంగ్‌కాంగ్ నుంచి మా ఇంటికి రావడం మానేసింది. క్రిస్మస్‌కి ఒక మెసేజ్, అంతే.

నిన్న సాయంత్రం బ్లాక్ కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో ఆంటీని చివరి చూపుకు ఉంచారు. ఆవిడ గీసిన బొమ్మలుంటే తెమ్మని వాళ్లమ్మాయి గ్రూప్‌లో పెట్టింది. నా ఫ్రేమ్ గర్వంగా పట్టుకెళ్లాను.

టేబుల్ మీద అప్పటికే రెండున్నాయి.

రెండూ ఎడమ సగాలే.

అదే మెడ. అదే నడుము. అదే గౌను.

తెచ్చినవాళ్లను అడిగాను. ఒకావిడ పెళ్లి నాకంటే ముందు. ఇంకొకావిడది చిన్ని పెళ్లయిన మరుసటి ఏడు.

పోయినవాళ్ల మీద కోపం కూడదంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ముఖం ఎందుకు వేసేవారు కాదో అప్పుడు అర్థమైంది.

గౌను పోతే పోయింది. ఆ రోజు టీ కప్పు పక్కన పెట్టి "దానికీ కుడతాలే" అని ఒక్క మాట అనుంటే, ఇన్నేళ్లూ నా చెల్లి నాకుండేది. ఆ మాటకు ఆవిడకు నోరు రాలేదు.

చిన్ని కూడా వచ్చి నా వెనకే నిలబడి ఉంది. మూడూ చూసింది. సారీ చెప్పాను.

"నెవర్ మైండ్ లా అక్కా. ఆ నడుము నాకు పట్టేది కాదు" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

ఫ్రేమ్ దాని చేతికి ఇచ్చేశాను.

ఆంటీ, మీ మీద కోపం తగ్గలేదు. తగ్గేదాకా తిట్టుకుంటూనే ఉంటాను. మీరు మాత్రం హాయిగా, ప్రశాంతంగా పడుకోండి.

అక్కడ ఎవరికైనా బొమ్మ గీస్తే, చించకండి.